బిడ్డే ఎత్తుకోవాలి

ఫిబ్రవరి 3, హైదరాబాదు

మాట బంద్. మూడో రోజు.

గొంతు తీగల మీద గడ్డ తీసేశారు. శనగగింజలో సగం కూడా లేదట. పద్నాలుగు రోజులు మాట వద్దు, పాట వద్దు, గుసగుస అసలే వద్దు. గుసగుస మాటకంటే చెడ్డదట. దగ్గు వస్తే మింగేయాలి. ఏడుపు వస్తే...? "చప్పుడు లేకుండా ఏడవండమ్మా" అన్నాడు డాక్టరు, నవ్వుతూ. ఎలాగో చెప్పలేదు. నవ్వడం కూడా బందే కాబట్టి నేను నవ్వలేదు.

జర్మనీ నుంచి థియేటర్ వాళ్ళ మెయిల్. త్వరగా కోలుకోవాలని మొదటి వాక్యం. రెండో వాక్యంలో — మార్చి నెలాఖరులోగా ఏదో ఒక రికార్డింగు పంపితే వచ్చే సీజను కాంట్రాక్టు సంగతి తేలుస్తారట. పదిహేడేళ్ళు పాడాను అక్కడ. ఎక్కువగా దాసీలు. పెళ్ళిలో పూలు చల్లే పిల్లలు. ఒక చిలక. తెర వెనక నుంచి వినబడే దేవదూత. ఎప్పుడైనా అసలు నాయికకు జ్వరమొస్తే నాయిక. ఒపేరాలో సోప్రానోని అని ఎన్నిసార్లు చెప్పినా నన్ను కన్న అవ్వకు మాత్రం "మా బిడ్డ పైగొంతు". మా బోధన్ చర్చిలో అంతే. పైగొంతు వాళ్ళు కిటికీ వైపు, కిందిగొంతు వాళ్ళు గోడ వైపు.

ఫిబ్రవరి 5

అన్న ఫోన్ చేసి అవ్వకిచ్చాడు. నేను పలకను కాబట్టి ఆమె ఒక్కతే మాట్లాడింది.

"ఇనవడుతుందా బిడ్డా? ఇనవడితే ఒక్కసారి కొట్టు."

చెంచాతో గ్లాసు మీద కొట్టాను.

"ఆఁ. బువ్వ తిన్నవా? తింటే రెండుసార్లు కొట్టు."

రెండుసార్లు కొట్టాను. బీడీలు చేస్తూనే మాట్లాడింది — ఆకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు ఫోన్లో వస్తూనే ఉంది.

ఫిబ్రవరి 7

అవ్వ పోయింది.

మధ్యాహ్నం. బీడీల చాట ఒళ్ళో ఉండగానే పక్కకు ఒరిగిందట. అన్న నిజామాబాద్ మార్కెట్ యార్డులో, పసుపు కాంటాల దగ్గర. ఇంట్లో వదిన ఒక్కతే. ఆటో వచ్చేలోపే...

కారులో రాస్తున్నాను. కామారెడ్డి దాటింది. డ్రైవరు పాటలు పెట్టనా అని అడిగాడు. వద్దని చెయ్యి ఊపాను. ఏమీ అనిపించడం లేదు.

ఫిబ్రవరి 8

సమాధి అయింది. రేపు రాస్తాను.

ఫిబ్రవరి 9, బోధన్

నిన్న పొద్దున్నే అన్న బస్టాండు దగ్గర పలక కొనుక్కొచ్చాడు. ఫోన్లో రాసి చూపిస్తే వచ్చినవాళ్ళు కళ్ళద్దాలు వెతుక్కుంటున్నారని. దాని మీద రాసి ఒళ్ళో పెట్టుకున్నాను — నేను మాట్లాడకూడదు. డాక్టరు చెప్పారు.

ఇక్కడ అవ్వంటే అందరికీ తెలిసింది ఒకటే. మోస్రా నుంచి బోధన్ దాకా ఎవరింట్లో చావైనా అవ్వ వస్తేగాని ఏడుపు ఏడుపులా ఉండేది కాదు. ఎడమచెయ్యి చెవికి ఆనించి, కింది స్వరం నుంచి మెల్లగా ఏడుపు రాగం ఎత్తుకునేది. పోయిన మనిషి చేను, బర్రె, తిండి, అలకలు, అన్నీ అందులో వచ్చేవి. బయట బెంచీ మీద కూర్చున్న మగవాళ్ళు ముక్కు చీదుకునేవాళ్ళు. కానీ తల్లి పోయిన ఇంట్లో అవ్వంతటి అవ్వ కూడా మొదలుపెట్టేది కాదు. తల్లికి బిడ్డే ఎత్తుకోవాలి. బిడ్డ ఎత్తుకున్నాకే తక్కినవాళ్ళు అందుకోవాలి. పద్ధతి అది.

అవ్వకు కూతురంటూ నేనొక్కదాన్నే.

ఇంటి నిండా ఆడవాళ్ళు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, నా వైపు చూస్తూ. ఎవరూ గొంతెత్తలేదు. చదువొచ్చినవాళ్ళు పలక చదివి పక్కవాళ్ళ చెవిలో వేశారు.

"ఆపరేషనైందంట."

"ఏడ్వనీకి గూడ డాక్టర్ ఇజాజత్ కావాల్నా?"

"దునియా ముందల పాడుతది గని, తల్లికాడ నోరు తెరువది."

నాకు వినిపించాలనే అన్నారు. వినిపించింది. ఆపరేషను గొంతుకే అయింది, చెవులకు కాలేదు.

పెద్దవ్వ — అవ్వకు సొంత అక్క — మోస్రా నుంచి మొదటి బస్సుకే వచ్చింది. వచ్చి నా మోకాలు పట్టుకుని కూర్చుంది. ఆమెకు చెవుడు కొంచెం, చదువు అసలే లేదు. "ఎత్తుకో బిడ్డా. జెరంత ఎత్తుకో. మిగిల్నది మేం అందుకుంటం." పలక చూపించాను. రెండు చేతులతో పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

పాస్టరు గారి ప్రార్థన అయింది. పెట్టెలో అవ్వ చేతుల కింద బైబిలు పెట్టారు. మూత తెస్తున్నారు. పెద్దవ్వ లేచింది. నా ఒళ్ళోంచి పలక తీసుకుంది.

"బిడ్డ రాసిన దేవుని వాక్యం. తల్లికాడ ఉండనియ్యుండ్రి."

అవ్వ రొమ్ము మీద పెట్టింది, రాత కిందికి. అన్న తల వైపు నిలబడి ఏడుస్తున్నాడు, చూడలేదు. మూత పడింది.

నేను లేచాను. చెయ్యెత్తాను. నోరు కూడా తెరిచాను. అంతే, ఆడవాళ్ళంతా మీద పడ్డారు. "ఒచ్చింది, ఒచ్చింది! ఏడువు బిడ్డా, ఏడువు!" ఇద్దరు చెరో రెక్క పట్టుకున్నారు. పలక — ఒక్క మాట అంటే చాలు. మూడక్షరాలు. అనలేదు. మేకులు కొట్టారు.

ఇక్కడైనా నిజం రాసుకోవాలి. డాక్టరు వద్దన్నాడని ఏడవలేదా, లేక ఏడుపే లేక డాక్టరును అడ్డం పెట్టుకున్నానా? తెలియదు. స్టేజీ మీద చాలామంది కోసం ఏడ్చాను. ఏ ఊపిరి దగ్గర గొంతు వణికించాలో తెలుసు. అవ్వ ముందు కూర్చుంటే ఎదురుగా గోడకున్న క్యాలెండరు కనబడింది. ఫిబ్రవరి కాగితం ఒక మూల చిరిగింది. అది చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 10

మూడో దినం కూడిక. ఇంకో పలక తెస్తానన్నాడు అన్న. అడ్డంగా తలూపాను.

ఫిబ్రవరి 12

పొద్దున లేవగానే గుర్తొచ్చింది. అవ్వకూ చదువు రాదు. అక్కడ ఎవరితోనైనా చదివించుకోవాలి.

శాంతయ్య సారు వచ్చాడు. కర్ర పట్టుకుని, చర్చి నుంచి నడిచే వచ్చాడట. నాకు తొమ్మిదేళ్ళప్పుడు కిటికీ వైపు నిలబెట్టింది ఆయనే. డో రే మీ అట్ట మీద రాసి, బెత్తంతో చూపిస్తూ నేర్పేవాడు. "సువార్తా, ఎత్తుకో" అనేవాడు, నేను ఎత్తుకునేదాన్ని, మిగతా పిల్లలు అందుకునేవాళ్ళు. అక్కడా అదే మాట.

మొదటి ఏడాదంతా ఆయన పని ఒకటే, నా గొంతులోంచి అవ్వను తీసేయడం. "గా ఏడ్పుగొంతు ఇంట్ల పెట్టి రా. ఇది దేవుని మందిరం. సాఫ్‌గ పాడాలె." ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారితే బెత్తం బల్ల మీద పడేది. జారకుండా నేర్చుకున్నాను. ఆ తర్వాత హైదరాబాదు కాలేజీ, అక్కడి నుంచి జర్మనీ. పదిహేడేళ్ళలో పేపర్లో నా గురించి ఒక్కసారే పడింది, ఒకే మాట. "శుభ్రంగా." చిలక పాత్రకు.

సారు పోయేముందు అన్నాడు — "నలబై దినాల కూడికల పైగొంతు నువ్వే ఎత్తుకోవాలె. మీ అవ్వ సంతోషపడ్తది." తలూపాను. ఏ వైపు ఊపానో నాకే తెలియదు.

ఫిబ్రవరి 13

మూడేళ్ళ కింద సెలవుకు వచ్చినప్పుడు అవ్వకు నా పాట వీడియో చూపించాను. నాయికకు జ్వరమొచ్చిన రోజుది. బీడీలు ఆపి మరీ చూసింది. అయిపోయాక —

"గంతసేపు ఏడ్చినవ్. ఎవలు సచ్చిండ్రే?"

ఎవరూ చావలేదవ్వా, అది పెళ్ళిపాట అన్నాను.

"పెండ్లా! అట్లెందుకు పాడినవ్ మరి?" మళ్ళీ ఆకు తీసుకుంది. కత్తిరిస్తూ — "మంచిగనే ఎత్తుకున్నవ్. నడిమిట్ల ఒదిలిపెట్టినవ్."

ఎక్కడ వదిలిపెట్టానో అడగలేదు. అప్పుడు కోపం వచ్చింది. ఇన్నేళ్ళ చదువుకు బీడీల చాట ముందు మార్కులేంటని.

ఇప్పుడు అడగాలి.

ఫిబ్రవరి 15

పద్నాలుగు రోజులు నిండాయి. నిజామాబాద్ పోయాను, ఒక్కదాన్నే. అక్కడి గొంతు డాక్టరు కెమెరా దింపి చూశాడు. "మంచిగా మానింది. ఇక మాట్లాడొచ్చు." పాటకు మాత్రం రోజుకు ఐదు నిమిషాలే. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, ఆగకుండా, జారుతూ. "సైరన్ లెక్క చెయ్యండి."

బోధన్ వాళ్ళకు సైరనంటే చక్కెర ఫ్యాక్టరీది. చెరకు సీజన్లో ఊరంతా దాంతోనే లేచేది, దాంతోనే తినేది. నేను దాని వెంటే గొంతు కలిపేదాన్ని. మూతపడ్డాక ఎన్నేళ్ళకో... మళ్ళీ సైరనట. జారొద్దని ఒకాయన బెత్తం పట్టాడు. జారమని ఇంకొకాయన చీటీ రాసిచ్చాడు.

లేస్తుంటే అన్నాడు — "అరవడం, గట్టిగా ఏడవడం మూడు నెలలు వద్దు. మళ్ళీ చిరిగిందంటే పాట సంగతి నేను చెప్పలేను."

యార్డు దాటేటప్పుడు బస్సు కిటికీలోంచి పసుపు దుమ్ము. ముక్కుకు కొంగు కట్టుకున్నాను. కండక్టరుకు కాగితం మీద "బోధన్" అని రాసి చూపించాను.

ఫిబ్రవరి 18

మాట్లాడొచ్చని ఎవరికీ చెప్పలేదు. అబద్ధానికి గొంతు కూడా అక్కర్లేదు.

ఫిబ్రవరి 23

అవ్వ తడిపి పెట్టుకున్న ఆకు ఎండిపోయింది. వదిన మళ్ళీ తడిపి, చాట ముందేసుకుని చేస్తోంది. నేనూ కూర్చున్నాను. ఒక్క బీడీ కూడా కుదరలేదు. వదిన నా చేతిలోంచి తీసుకుని, విప్పి, మళ్ళీ చుట్టింది.

మార్చి 2

పాలగిన్నె దింపుతుంటే చెయ్యి కాలింది. "అబ్బా!"

నెల రోజుల్లో మొదటి మాట. బొంగురుగా ఉంది. వదిన నీళ్ళు పోసింది. పోస్తూనే —

"ఎన్నటిసంది ఒస్తుంది మాట?"

అన్నకు చెప్పొద్దని చేత్తో సైగ చేశాను.

"నేనేం చెప్ప. నాగ్గూడ ఆ దినం ఏడుపు రాలే, సువార్తా. పొయ్యి మీద నీళ్ళు మసులుతున్నయి. ఆటోకు ఉరికిన గద, ఎవలు దింపుతరు గిన్నె అని... గదే యాదికుంది నాకు."

ఇంకా కొన్ని నీళ్ళు పోసింది.

మార్చి 9

ఐదు నిమిషాల కోసం నిజాంసాగర్ కాలువ గట్టు మీదికి పోతున్నాను. రెండు వైపులా చెరకు. ఎవరూ వినరు. కింది స్వరాలు ఉన్నాయి. మధ్యలో ఫా దాటగానే గాలి. ఉత్త గాలి. మళ్ళీ కింది నుంచి. మళ్ళీ ఫా. మళ్ళీ గాలి. భయపడాలి కదా. ఇది తిరిగి రాకపోతే నాకు వేరే పనేదీ రాదు. నాలుగు భాషల్లో దాసీ మాటలొచ్చు, బీడీ చుట్టడం రాదు.

మార్చి 14

నలభయ్యో దినానికని పెద్దవ్వ ముందే వచ్చింది. పొద్దున వాకిట్లో ఎండకు కూర్చున్నాం. తల దువ్వుకుంటూ అడిగింది.

"బిడ్డా, ఆ పలకల ఏ వాక్యం రాసినవే? మా పాస్టరు అడిగిండు. నాకేం ఎరుక అన్న."

కాగితం మీద రాసి లాభం లేదు. ఆమెకు చెప్పాలంటే గొంతుతోనే చెప్పాలి. ఏదో ఒక వాక్యం చెప్పేయొచ్చు. చిన్నప్పుడు కంఠతా పట్టినవి ఎన్ని లేవు. ఆమె చెవి దగ్గరికి వంగాను.

"వాక్యం కాదు పెద్దవ్వా. 'నేను మాట్లాడకూడదు, డాక్టరు చెప్పారు' అని రాసిన."

దువ్వెన ఆగింది. నాకు మాట వచ్చిందని ఆశ్చర్యపోలేదు. పలక గురించే ఆలోచిస్తోంది.

"నేను గది దాని గుండె మీద పెట్టిన్నా?"

"ఆఁ."

"నువ్వెందుకు ఆపలే మరి?"

ఆమె దువ్వెనలో వెంట్రుకలు తీసి, ఉండ చుట్టి, గోడ సందులో పెట్టింది.

"పోనీ తియ్యి. అది గూడ ఇగ మాట్లాడది గద. ఇద్దరి తరపున ఒకటే చిట్టి."

మార్చి 18

నలభయ్యో దినం. సమాధి చుట్టూ అందరూ. శాంతయ్య సారు శ్రుతి ఇచ్చి నా వైపు చూశాడు. నేను చర్చిలో గోడ వైపు నిలబడే వాళ్ళతో కలిసి కిందిగొంతు పాడాను. ఆయన కర్ర ఒకసారి నేలకు తగిలింది. పైగొంతు లేకుండానే పాట అయిపోయింది.

ఆ తర్వాత మళ్ళీ అదే. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని, నా మొహంలోకి చూస్తూ. "ఇప్పుడన్న ఎత్తుకో బిడ్డా" అంది ఒకామె. పాట పాడాను కదా, విన్నారు కదా. దాక్కోవడానికి ఇంక ఏమీ లేదు. నోరు తెరిచాను. ఏం చేద్దామని తెరిచానో తెలియదు.

పెద్దవ్వ నా నోటి మీద చెయ్యి పెట్టింది. కొబ్బరినూనె వాసన.

"ఒద్దు. డాక్టర్ ఒద్దన్నడు. ఎవలూ ఏమనకుండ్రి దాన్ని."

అందరూ మెల్లగా పోయారు. ఇంత ఊరికి ఏడ్చిన అవ్వకు ఏడ్చేవాళ్ళు లేకుండా పోయారు. నా గొంతు మాత్రం చిరగకుండా భద్రంగా ఉంది. సిగ్గుగా ఉంది. ఇన్నాళ్ళకు ఒకటి అనిపించింది. అదీ సిగ్గే.

మార్చి 24

థియేటర్ నుంచి ఇంకో మెయిల్. గుర్తు చేస్తున్నారు, అంతే. మర్యాదగానే ఉంది.

మార్చి 27

ఫా దాటింది. సన్నగా. ఎక్కడా శుభ్రంగా లేదు.

మార్చి 30

రేపే గడువు.

పొద్దున తొమ్మిదింటికి లోపలి గదిలో ఫోన్ పెట్టి రికార్డింగు నొక్కాను. ముందు సైరన్‌తో గొంతు తెరవాలి. ఐదు నిమిషాల్లో రెండు దానికి, మూడు పాటకు. కింది నుంచి మెల్లగా. ఫా. సో. గాలి లేదు. పైకి పోయేకొద్దీ జారుతోంది. శాంతయ్య సారు వింటే బెత్తం విరిగేది. ఆపుకోలేదు. ఇంకా పైకి. ఎప్పుడు పెట్టుకున్నానో, ఎడమచెయ్యి చెవికి ఉంది.

వంటింట్లోంచి వదిన — "ఎవలు? ఎవలు ఏడుస్తున్నరు?"

నేనేమీ ఏడవడం లేదు. చెంప తడిమి చూసుకున్నాను. పొడిగానే ఉంది. ఏడవడం లేదు, సైరన్ చేస్తున్నానని చెప్పాలి. చెప్పాలంటే ఆపాలి. ఒళ్ళోకి చూసుకున్నాను. పలక అవ్వ దగ్గరుంది.

గడపలో పెద్దవ్వ. ఇన్నాళ్ళుండి ఇవాళ మోస్రా పోవడానికి సంచి సర్దుకుంటున్నది అలాగే వచ్చింది. ఆ చెవులకు ఎంత వినబడిందో. సంచి కింద పెట్టింది. గడప మీదే కూలబడింది. కొంగు తీసి ఒళ్ళో పరుచుకుంది.

"ఎత్తుకున్నవా బిడ్డా..."

అందుకుంది. "ఓ నా చెల్లే..." అని. చాట ఎవలకిచ్చి పోయినవే, ఆకు తడిపి ఎటు పోయినవే, చదువు రాని నీకు చిట్టి పెట్టి పంపితినే అని. బయట గేటు చప్పుడు. పక్కింటి వాళ్ళు. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఇంకెవరో అందుకున్నారు.

ఫోన్ మీద ఐదు నిమిషాలు దాటింది. అది చూశాను. అంతవరకు గుర్తుంది.

ఇప్పుడు మధ్యాహ్నం. అందరూ పోయారు. పెద్దవ్వ అన్నం తిని పడుకుంది. గొంతు మండుతోంది. వదిన మిరపకాయల పోపు పెట్టింది, దాని ఘాటు కావచ్చు. మాట్లాడి చూసుకోలేదు.

రికార్డింగు పదకొండు నిమిషాలుంది. ఐదు నిమిషాల తర్వాత అందులో పైగొంతు నాదో, ఇంకెవరిదో వింటే తెలుస్తుంది.

ఇంకా వినలేదు.